గొల్లపల్లి చలి, కోళ్ల గూడు

దీపావళి దాటితే జగిత్యాల జిల్లా పల్లెల్లో రాత్రుల తీరు మారిపోతుంది. పగలు 28, 30 డిగ్రీల ఎండ కాసిన వాకిట్లోనే తెల్లవారుజామున 12, 13 డిగ్రీలు ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్యం నుంచి చలిగాలి తిరిగిందంటే గొల్లపల్లి, మల్యాల, రాయికల్, కోరుట్ల వైపు 10 డిగ్రీల లోపుకు దిగే రాత్రులు కూడా వస్తాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవి పల్లెల ముందు ఇది పెద్ద చలి కాదు. మంచు కురిసే దేశాల్లో కోళ్లు పెంచేవాళ్లకైతే ఇది అసలు చలి కిందే లెక్క కాదు. అయినా ఈ రెండు మూడు నెలల్లోనే మన పెరటి కోళ్లు ముడుచుకుని కూర్చుంటాయి, గురక పెడతాయి, గుడ్లు మానేస్తాయి. పిల్లలైతే మూలకు కుప్పబడి చచ్చిపోతాయి. సున్నా డిగ్రీల కింద కూడా బతికే పక్షి ఇక్కడ 12 డిగ్రీలకు ఎందుకు పోతోంది? ఈ ప్రాంతంలో చలికాలానికి కోళ్లను కాచుకునే పద్ధతులన్నిటినీ ఈ ఒక్క ప్రశ్న ముందు పెట్టి చూడాలి.

ఈ నష్టం ఎవరికి తగులుతుందో కూడా మొదటే చెప్పుకోవాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లలో మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లు ఎన్నో. ఇంటి దగ్గర బీడీలు చుడుతూ, పిల్లల్ని చూసుకుంటూ, పెరట్లో పదో పదిహేనో కోళ్లను సాకేది ఆడవాళ్లు. ఆ కోళ్లకు మంచి ధర పలికేది కూడా సరిగ్గా చలికాలంలోనే. సంక్రాంతి వస్తుంది. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర వస్తుంది. జాతరకు ముందు వేములవాడ రాజన్నను దర్శించుకోవడం ఆనవాయితీ కాబట్టి ఆ దారంతా జనం. అక్కడి బద్ది పోచమ్మకు బోనాలు, కోళ్లు మొక్కుకునేవాళ్లు వేలల్లో ఉంటారు. వానాకాలమంతా సాకిన పుంజు పుష్యమాసంలో గురక పెట్టి చనిపోతే పోయేది ఒక్క కోడి కాదు, ఆ ఇంటి ఆరు నెలల కష్టం.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఇక్కడ కోళ్లను చంపుతున్నది ఒట్టి చలి కాదు. చలికి తోడైన తడి, చలికి భయపడి మనం మూసేసిన గాలి.

కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దాకా ఉంటుంది. ఈకలను ఉబ్బించి, వాటి మధ్య గాలిని పట్టి ఉంచి, ఆ వేడిని కాపాడుకుంటుంది. ఎదిగిన కోడి కడుపు నిండి, ఒళ్లు పొడిగా ఉంటే 10 డిగ్రీల రాత్రిని ఇబ్బంది లేకుండా గడుపుతుంది. ఆ ఈకలు తడిసినా, వాటిని విడదీసే ఈదురుగాలి నేరుగా ఒంటికి తగిలినా ఆ కాపుదల పోతుంది. తడి ఎక్కడి నుంచి వస్తుంది? వాన లేని కాలం కదా అనిపిస్తుంది. కోడికి చెమట పట్టదు. ఒంట్లోని తేమ ఊపిరితోనే బయటికి వస్తుంది. రెట్టలో ముప్పాతిక వంతు నీరే. పది కోళ్లను చిన్న గూట్లో పెట్టి తలుపు బిగిస్తే పన్నెండు గంటల రాత్రిలో ఆ ఊపిరి, ఆ రెట్ట అంతా లోపలే ఉండిపోతాయి. తడిసిన రెట్ట నుంచి అమ్మోనియా పుడుతుంది. శ్వాసనాళం లోపల దుమ్మును, క్రిములను బయటికి నెట్టే సన్నని నూగును ఆ వాయువు దెబ్బతీస్తుంది. ఆ తర్వాత చిన్న క్రిమి సోకినా చాలు, గురక మొదలవుతుంది. పొద్దున గూటి తలుపు తీయగానే మీ కళ్లు మండాయంటే ఆ గూట్లో కోళ్లు రాత్రంతా దాన్నే పీల్చాయని అర్థం.

అమెరికాలో ఈ వాదన వందేళ్ల కిందటే జరిగింది. మన కంటే ఎన్నో రెట్లు చలి ఉండే ఆ దేశపు ఈశాన్య రాష్ట్రాల్లో కోళ్ల ఇళ్లను గట్టిగా మూసి ఉంచాలన్నదే అప్పటి నమ్మకం. డాక్టర్ ప్రిన్స్ టి. వుడ్స్ అనే ఆయన దాన్ని ఎదిరించి, ముందువైపు తెరిచి ఉండే కోళ్ల ఇళ్ల గురించి 1912లో ఏకంగా పుస్తకమే రాశారు. మూడు వైపులా గోడ, ఎండ వచ్చే దక్షిణం వైపు జాలీ, కోళ్లు పడుకునే దండెం వెనుక గోడకు దగ్గరగా, గాలి నేరుగా తగలని చోట. ఆయన చెప్పిన సూత్రం ఇంతే. అంత చలి దేశంలోనే అది నిలబడిందంటే గొల్లపల్లిలో గూడును బిగించి మూయడానికి కారణమే లేదు.

మరి మనవాళ్లు ఎందుకు మూస్తారు? అడిగితే చలి అంటారు గానీ అసలు భయం పిల్లి. జంగపిల్లి, ముంగిస, పాము, వీధికుక్క. చలికాలపు రాత్రి పెద్దది, ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పుకుని గాఢంగా నిద్రపోతారు. అందుకే అరుగు పక్కన కట్టిన మట్టి గూటికి చిన్న తలుపు పెట్టి, దానికి బండరాయి అడ్డం పెడతారు. ఆ భయం అబద్ధం కాదు, దాన్ని కొట్టిపారేసి గాలి గురించి ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినరు. గూటి పైకప్పుకు కాస్త కింద, ఎదురెదురు గోడలకు చెరో జానెడు కిటికీ తీసి, అర అంగుళం సందు ఉన్న ఇనుప జాలీ బిగిస్తే పిల్లి రాదు, పాము దూరదు, చెడుగాలి మాత్రం పైనుంచి పోతుంది. వెచ్చని తేమగాలి పైకే లేస్తుంది కాబట్టి కిటికీ పైన ఉండాలి. కోళ్లు కూర్చునే ఎత్తులో ఉంటే అది ఈదురుగాలి అవుతుంది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే గూడు సగం సిద్ధమైనట్టే.

వెదురు గంప విషయంలో మాత్రం పాతవాళ్ల తెలివికి దండం పెట్టాలి. పిల్లలతో ఉన్న పెట్టను గంప కింద కమ్మితే సందుల్లోంచి గాలి ఆడుతుంది, వేడి కొంత నిలుస్తుంది. దాని లోపమల్లా కింద ఉన్న నేల. అలికిన మట్టి నేలైనా, సిమెంటు గచ్చు అయినా తెల్లవారుజామున చల్లగా చెమ్మగిల్లుతుంది. కింద పాత గోనెసంచి, దాని మీద నాలుగు వేళ్ల మందం పొడి ఊక పరిచి గంప కమ్మితే ఆ లోపం తీరుతుంది. పైన దుప్పటి కప్పదలిస్తే గాలి వచ్చే ఉత్తరం, తూర్పు వైపులకే. గంప నెత్తిని వదిలేయాలి.

ఇప్పుడు చాలా ఇళ్లలో గూడు అంటే ఇనుప రేకుల డబ్బా. వేసవిలో పెనం, చలికాలంలో అంతకంటే చేటు. పుష్యమాసంలో సూర్యోదయానికి ముందు అలాంటి గూట్లోకి టార్చి వేసి రేకు అడుగు వైపు చూడండి. కోళ్ల ఊపిరి చల్లని రేకుకు తగిలి నీటి బొట్లుగా కట్టి, వాలు వెంట జారి, సరిగ్గా వాటి వీపుల మీద పడుతుంటుంది. వాన లేకుండానే కోళ్లు తడుస్తాయి. రేకు పైన వరిగడ్డి గానీ తాటాకు గానీ మందంగా పరిచి తాడుతో కట్టడం, లోపల రేకుకు అర అడుగు కింద వెదురు తడక వేలాడదీయడం దీనికి మందు. యాసంగి కాలంలో వరిగడ్డికి ఈ ప్రాంతంలో కొరత లేదు.

నేల మీద పరిచే ఊకకూ కొరత లేదు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద వరి పండే చోట రైస్‌మిల్లు లేని మండలం ఉండదు. మామూలు రోజుల్లో రెండు మూడు అంగుళాలు చాలు, చలికాలానికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు పోయాలి. మందంగా పోసి వదిలేస్తే లాభం లేదు. వారానికి రెండుసార్లయినా పారతో తిరగేయాలి. పరీక్ష చేయడం సులువు. గుప్పెడు ఊక తీసుకుని గట్టిగా పిసికి వదలండి. విడిపోయి రాలితే బాగుంది. ముద్ద కట్టి అలాగే ఉంటే తడి ఎక్కువైంది, ఆ భాగం తీసేసి కొత్త ఊక పోయాలి. అసలు అంటుకోకుండా దుమ్మే లేస్తే మరీ ఎండిపోయింది, అది కూడా ఊపిరికి మంచిది కాదు. బూజు పట్టిన ఊకను మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వాడకూడదు, దాని నుంచి కోడిపిల్లల ఊపిరితిత్తుల్లో శిలీంధ్రం పెరుగుతుంది. నీళ్ల గిన్నె చుట్టూ ఎప్పుడూ తడే కాబట్టి దాన్ని ఊక మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టడం మేలు. తడి ఊకే రక్తపారుడుకు పుట్టిల్లు.

పడుకునే దండెం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నేలకు అడుగున్నర ఎత్తులో, రెండు అంగుళాల వెడల్పు చెక్క, అంచులు నునుపుగా. కోడి దాని మీద కూర్చుని పొట్టను వేళ్ల మీదికి దించుకుంటే కాళ్లు వెచ్చగా ఉంటాయి. ఇనుప పైపు పనికిరాదు.

పెద్ద షెడ్ల రైతులకు పరదా సంగతి తెలుసు, కానీ కట్టే తీరులోనే చాలామంది తప్పుతారు. పరదాను పైన బిగించి కిందికి దించితే పై సందు మూసుకుపోతుంది. కింద బిగించి పైకి లేపే పద్ధతిలో కడితే కోళ్ల ఎత్తున గాలి ఆగి, చూరు దగ్గర అడుగు సందు మిగులుతుంది. పొద్దు గుంకేముందు లేపాలి, ఎండ వచ్చాక దించాలి. మంచుకు తడిసిన గోనె పరదాలను అలాగే వదిలేయకుండా ఎండకు ఆరనివ్వాలి. బ్రాయిలర్ కోడికి ఇది ప్రాణం మీది విషయం. వేగంగా పెరిగే ఆ శరీరానికి చలిలో ప్రాణవాయువు అవసరం ఇంకా పెరుగుతుంది. మూసిన షెడ్డులో అది అందక గుండె అలసిపోయి పొట్టలో నీరు చేరుతుంది. అమ్మే వయసుకు వచ్చిన కోళ్లు నీటిపొట్టతో పోవడం రైతుకు మామూలు దెబ్బ కాదు. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే చలికాలంలో దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చే ఎండ లోపలిదాకా పడుతుంది. మన ప్రాంతంలో డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి, ఆకాశంలో దాదాపు సగం ఎత్తులోనే ఉంటాడు. పెరటి కోళ్ల దొడ్డికీ ఇదే లెక్క: ఉత్తరం, తూర్పు వైపు కందికట్టె దడి గానీ తడక గానీ, దక్షిణం తెరిపిగా.

ఇక్కడి రైతుకు ఇదేమీ కొత్త విద్య కాదు. యాసంగి నారుమడి చలికి ఎర్రబడకుండా రాత్రి పూట కవరు కప్పి పొద్దున్నే తీసేయమని, చల్లబడిన నీళ్లు తీసి కొత్త నీళ్లు పెట్టమని పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏటా చెబుతూనే ఉంటారు, రైతులు చేస్తూనే ఉంటారు. గూడుకు కావలసింది కూడా ఆ జాగ్రత్తే.

ఎదిగిన కోళ్ల సంగతి ఇలా ఉంటే పిల్లల సంగతి పూర్తిగా వేరు, ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. గుడ్డు లోంచి వచ్చిన పిల్లకు ఒంటి వేడిని కాపాడుకునే శక్తి ఉండదు, ఈకలు వచ్చేదాకా అది బయటి వేడి మీదే బతుకుతుంది. మొదటి వారం దాని చుట్టూ 35 డిగ్రీలు ఉండాలి, ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. గొల్లపల్లిలో జనవరి తెల్లవారుజాముకు 12 డిగ్రీలు ఉంటే, మనం అందించాల్సిన వేడి 23 డిగ్రీలు. పెట్ట తన రెక్కల కింద పది పన్నెండు పిల్లలకు దాన్ని ఏ కరెంటూ లేకుండా ఇస్తుంది. పొదుగు పెట్ట ఉన్న ఇంట్లో చలికాలానికి దాన్ని మించిన బ్రూడర్ లేదు. చలికాలంలో ఒక్కో పెట్ట కింద గుడ్లు తక్కువ పెట్టాలన్నదే అక్కడ గుర్తుంచుకోవాల్సిన మాట. రెక్క కిందికి రాని పిల్ల బతకదు.

తల్లి లేని పిల్లలను తెచ్చినప్పుడే చిక్కు. రాజేంద్రనగర్‌లో 1988లో మొదలై ఇప్పుడు పౌల్ట్రీ పరిశోధన సంచాలనాలయంగా నడుస్తున్న సంస్థ పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారు చేసింది. మన పశువైద్య విశ్వవిద్యాలయం రాజశ్రీని ఇచ్చింది. ఇవి నాటుకోడి కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, ఎక్కువ బరువు తూగుతాయి. కానీ వీటికి పొదిగే గుణం తక్కువ, ఒకరోజు పిల్లలుగా వచ్చేవి తల్లి లేకుండానే వస్తాయి. ఆరు వారాల దాకా బ్రూడర్ కింద పెంచాకే పెరట్లో వదలాలని వాటిని తయారు చేసినవాళ్లే చెబుతారు. ఆ ఆరు వారాలు చలికాలంలో పడితే ఆ భారమంతా తీసుకున్నవాళ్ల మీద పడుతుంది.

వెనకటికి ఒక అట్టపెట్టె, దాని మీద 60 వాట్ల బల్బు వేలాడదీస్తే యాభై పిల్లలకు సరిపోయేది. ఇప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీ బల్బులు. వెలుతురు ఉంటుంది, వేడి ఉండదు. బల్బు వెలుగుతోంది కదా అని నిశ్చింతగా పడుకున్న ఇంట్లో పొద్దున్నే పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చచ్చిపోయి ఉంటాయి. పాత రకం ఫిలమెంటు బల్బులు గానీ, 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు గానీ వెతికి తెచ్చుకోవాలి. పిల్లకు ఒకటి రెండు వాట్ల లెక్క. బల్బు ఎంత ఎత్తున ఉండాలో పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుమిగూడి కీచుకీచుమంటే వేడి చాలడం లేదు, కిందికి దించాలి. అంచులకు పోయి నోరు తెరిచి ఒగరుస్తుంటే ఎక్కువైంది, పైకి లేపాలి. ఒకే పక్కకు ఒదిగితే అవతలి పక్క నుంచి గాలి వస్తోంది. అంతటా పరుచుకుని కొన్ని తింటూ కొన్ని పడుకుని ఉంటే సరిగ్గా ఉంది. థర్మామీటరు ఉన్నా ఈ చూపే నమ్మకమైనది. చుట్టూ అడుగున్నర ఎత్తు అట్ట గుండ్రంగా పెట్టాలి, మూలలు ఉండకూడదు; పిల్లలు నలిగి చచ్చేది మూలల్లోనే. వారం గడిచేకొద్దీ ఆ గుండ్రాన్ని పెద్దది చేయాలి.

కరెంటు పోతే? ఇక్కడే ప్రాణాలు పోయే తప్పు ఒకటి జరుగుతుంది. నిప్పుల కుంపటి తెచ్చి మూసిన గదిలో పెడతారు. రాజిన బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. కోళ్లకే కాదు, ఆ గదిలో పడుకున్న మనుషులకూ అది ప్రాణాంతకం. ఊక, గోనె, అట్ట మధ్య నిప్పు కాబట్టి అగ్గి అంటుకునే ముప్పు కూడా ఉంది. కుంపటి వాడక తప్పదంటే కిటికీలు తెరిచిన చోట, మనుషులు మేలుకుని ఉన్నప్పుడే. వేడినీళ్లు పోసి మూత బిగించిన మట్టి కుండకు గోనె చుట్టి పిల్లల మధ్య పెడితే కొన్ని గంటలు గడిచిపోతాయి. అది సురక్షితం.

మేత గురించి రైతుకు చెప్పేది తక్కువ. చలిలో కోడి వేడి కోసం ఎక్కువ తింటుంది. పొద్దు గుంకేముందు గుప్పెడు మక్కలు వేస్తే అవి రాత్రంతా మెల్లగా అరిగి వేడినిస్తాయి. మక్కలు పండించే జిల్లా ఇది. అయితే వానకు తడిసి నల్లబడ్డ మక్కలు, మనుషులు తినలేనివి కదా అని కోళ్లకు వేయడం ప్రమాదం. ఆ బూజు విషం కాలేయాన్ని పాడుచేస్తుంది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు పెడితే కోళ్లు బాగా తాగుతాయి.

గుడ్లు తగ్గడానికి చలి కంటే పొద్దే పెద్ద కారణం. పెట్ట నిండుగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 గంటలైనా వెలుతురు కావాలి, మన దగ్గర డిసెంబరులో పగలు 11 గంటలే. లేయర్ ఫారాల్లో అందుకే లైట్లు వేస్తారు. గ్రామప్రియ లాంటి గుడ్ల రకం పెంచేవాళ్లు తెల్లవారుజామున మూడున్నర నుంచి గూట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బు వేస్తే ఫలితం ఉంటుంది. ఇక్కడ ఎల్‌ఈడీ చాలు, కావలసింది వెలుతురే. సాయంత్రం వేయడం కంటే పొద్దున వేయడమే మంచిది, లైటు ఒక్కసారిగా ఆర్పితే కోళ్లు దండెం ఎక్కలేక చీకట్లో నేల మీదే ఉండిపోతాయి. నాటు పెట్టకు, అసీలు పెట్టకు మాత్రం ఈ లైట్లు వద్దు. ఏడాదికి అరవై డెబ్బై గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని సాకిన పెట్టకు ఆ రెండు నెలలు విశ్రాంతి అవసరం. అసీలుకు ఈకలు పలచన కాబట్టి గాలి తగలని చోటు దానికే ముందు ఇవ్వాలి.

ఎంత మంచి గూడు కట్టినా కొక్కెర తెగులు ముందు అది నిలవదు. 1927లో రాణిఖేత్‌లో బయటపడి ఆ ఊరి పేరే పెట్టుకున్న ఈ జబ్బు వచ్చిందంటే టీకా వేయని ఊళ్లో గూళ్లకు గూళ్లే ఖాళీ అవుతాయి. మొదటి వారంలో లసోటా చుక్కలు, 8 నుంచి 10 వారాల వయసులో ఆర్‌2బి సూది వేయించాలి. ఒక్క ఇంట్లో వేయిస్తే చాలదు, వాడకట్టు మొత్తం ఒకే రోజు వేయించాలి, ఎందుకంటే కోళ్లకు ప్రహరీలు లేవు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు తెలంగాణ కూడా ఉలిక్కిపడింది. చల్లని వాతావరణంలో ఆ వైరస్ ఎక్కువ కాలం బతుకుతుంది. చెరువు కొంగలు వాలే చోట కోళ్లకు నీళ్లు పెట్టకపోవడం, ఒకేసారి ఎక్కువ కోళ్లు చనిపోతే కోసుకోకుండా, చెరువులో పారేయకుండా పశువైద్యుడికి చెప్పడం మన చేతిలో ఉన్న పనులు.

చివరిగా రెండు విన్నపాలు. పిల్లలను పంచే పథకాలు నడిపేవాళ్లకు మొదటిది: డిసెంబరు, జనవరి నెలల్లో ఒకరోజు పిల్లలను ఊళ్లకు పంపకండి. ఆరు వారాలు పెంచినవే ఇవ్వండి, లేదా శివరాత్రి దాటాక ఇవ్వండి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, ఆ ఆరు వారాల పెంపకాన్ని మహిళా సంఘాలకు నేర్పడానికి అంతకంటే దగ్గరి చోటు లేదు. రెండోది కోళ్లు సాకే అక్కలకు, అమ్మలకు: కార్తీకం పోకముందే గూటి పైన రెండు జాలీ కిటికీలు పెట్టించండి, మిల్లు నుంచి రెండు సంచుల పొడి ఊక తెప్పించండి, మండల పశువైద్యశాలకు వెళ్లి మీ వాడకు టీకా ఎప్పుడు వేస్తారో అడిగి తేదీ రాసుకుని రండి.